జ్ఞాపకం ఒక్కటే పరీక్షిస్తే మా ఆయనకు ఏ జబ్బూ లేదు

సంపాదకులకు నమస్కారం.

డిమెన్షియా మీద మీ పత్రికలో ఈమధ్య పూర్తి పేజీ కథనం వేశారు. ‘ఈ పది లక్షణాలు మీ ఇంట్లోవాళ్లలో ఉన్నాయా?’ అని పక్కన ఒక బాక్సు కూడా ఇచ్చారు. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం... పదింట్లో తొమ్మిది జ్ఞాపకశక్తికి సంబంధించినవే. పదోది ‘చిరాకు, మూడ్ మారడం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కథనం శ్రద్ధగా రాశారు, కాదనను. కానీ ఆ బాక్సు ముందు పెట్టుకుని మా ఆయనకు టిక్కులు పెడితే ఆ తొమ్మిదింట్లో ఒక్కటీ పడదు. అయినా ఆయనకు డిమెన్షియా ఉంది. యాభై నిండకముందే మొదలైంది.

ఆయనకిప్పుడు 54 ఏళ్లు. పాత ఫోన్ నంబర్లు, పిల్లల పరీక్షల మార్కులు, ఏ ఏడాది ఎవరికెంత అప్పిచ్చామో ఇప్పటికీ గడగడా చెప్పేస్తారు. దారి తప్పరు. చెదిరింది ఎదుటి మనిషి మీద ఉండే పట్టింపు. ఒకప్పుడు ఆయన ఒక కంపెనీలో హెచ్‌ఆర్ మేనేజరు. ఇద్దరు ఉద్యోగులు గొడవ పడి ఆయన గదిలోకి వెళ్తే నవ్వుకుంటూ బయటికొస్తారని ఆఫీసులో చెప్పుకునేవారు. అలాంటి మనిషి, తండ్రి పోయిన ఒక ఉద్యోగిని పలకరించడానికి వెళ్లి, ఏడుస్తున్న అతని భుజం తట్టి ‘ఈ టీవీ ఎంతకి కొన్నారు?’ అని అడిగారట. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొహమాటపడి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో జరిగింది ఒకటి చెప్తాను. బాత్రూంలో కాలు జారి పడ్డాను. మణికట్టు విరిగింది. చప్పుడు విని ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. చెయ్యి వాచిపోతోంది, లేవలేక నేల మీదే ఉన్నాను. నన్ను చూశారు, చూసి ‘నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?’ అన్నారు. నేను పలకలేదు. మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కాసేపు చూసి వెళ్లి బీరువాలో వెతుక్కున్నారు. మా అమ్మాయి వచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు జ్వరమొస్తే తెల్లవార్లూ కుర్చీలో కూర్చుని కాపలా కాసిన మనిషి ఈయనే.

మేం మొదట చూపించిన చోట 30 మార్కుల పరీక్ష పెట్టారు. ఎం.ఎం.ఎస్.ఇ. అంటారు, 1975లో అమెరికాలో తయారైంది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకోండి, వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి, ఈ బొమ్మ చూసి గీయండి. ఈయనకు 29 వచ్చాయి. ‘నాకంటే మీరే నయం’ అని డాక్టరుగారు నవ్వారు. పరీక్షను తప్పుపట్టను. జ్ఞాపకం, భాష, ఏకాగ్రత లాంటివి చూడటానికే దాన్ని తయారుచేశారు, అవే చూసింది. పక్కమనిషి కిందపడితే ఏం చేస్తారన్నది అందులో ప్రశ్నే కాదు. ఆ 29ని పట్టుకుని ‘మెదడు బ్రహ్మాండంగా ఉంది, ఆఫీసు టెన్షన్ అయ్యుంటుంది’ అని రాసిచ్చేశారు చూడండి, నా గొడవంతా దాంతోనే.

తర్వాత డిప్రెషన్ అన్నారు, మందులిచ్చారు. బంధువులైతే ‘ఈ వయసులో మగాళ్లకు ఇది మామూలే, ఎవరితోనైనా వ్యవహారం ఉందేమో కనుక్కో’ అన్నారు. (ఇదే ఆడవాళ్లకొస్తే మెనోపాజ్ అనేస్తారట. మాలాంటి ఇంకో కుటుంబం చెప్పింది.) ఇలా తిరగడం మా ఒక్కరి ఖర్మ కాదని తర్వాత తెలిసింది. ఈ రకం డిమెన్షియాను ‘బిహేవియరల్ వేరియంట్ ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా’ అంటారు, పొట్టిగా ఎఫ్‌టీడీ. 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, ఈ జబ్బున్నవాళ్లలో సగం మందికి అంతకుముందు ఏదో ఒక మానసిక జబ్బు పేరు పెట్టారని తేలింది. ఎక్కువగా డిప్రెషనే. 65 ఏళ్లలోపు ఏ రకం డిమెన్షియా మొదలైనా జబ్బు పేరు తేలడానికి సగటున నాలుగేళ్లకు పైనే పడుతోందని 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు రాశారు. పెద్ద వయసులో వచ్చేవాళ్లకు మూడేళ్లలోపే తేలిపోతుందట. అంటే వయసు తక్కువైనకొద్దీ అనుమానం అటు పోదు. 30 నుంచి 64 ఏళ్ల మధ్య డిమెన్షియాతో ఉన్నవాళ్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు 39 లక్షల మంది అని 2021లో ఒక విశ్లేషణ లెక్కగట్టింది. అందరిదీ ఎఫ్‌టీడీ కాదు, చిన్న వయసులో అల్జీమర్స్ వచ్చేవాళ్లే అందులో ఎక్కువ.

విచిత్రమేమిటంటే, జ్ఞాపకం కంటే ముందు ప్రవర్తన మారడం వైద్యులకు కొత్త సంగతేమీ కాదు. అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో చూసిన, తర్వాత ఆయన పేరే పెట్టిన జబ్బున్న మొట్టమొదటి రోగి వయసు 51. ఇప్పటి లెక్కలో ఆమెది చిన్న వయసులో వచ్చిన డిమెన్షియానే. ఆమెలో మొదట కనిపించిన లక్షణం భర్త మీద అనుమానం, అసూయ అని ఆయనే 1907లో రాశారు. మతిమరుపు ఆ తర్వాత ముదిరింది. అంతకుముందే, 1892లో, ప్రాగ్‌లో ఆర్నాల్డ్ పిక్ మెదడు కుంచించుకుపోయి మాట, నడవడి మారిన రోగి గురించి రాశారు. ఎఫ్‌టీడీని చాలాకాలం ‘పిక్స్ డిసీజ్’ అన్నది అందుకే. నూరేళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్న విషయం మీ బాక్సులోకి మాత్రం రాలేదు!

ఇప్పుడు మాకు మేలు చేసిన పరీక్ష గురించి చెప్తాను. ఈ ఉత్తరం రాయడం అందుకే.

వేరేచోట ఒక క్లినికల్ సైకాలజిస్టు మొదట మమ్మల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టింది. చిన్నమ్మాయే, మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. కాసేపు మాట్లాడి ‘సార్ బొమ్మలు చూస్తూ ఉంటారు, మీరు నాతో రండి మేడం’ అని నన్ను పక్కగదికి తీసుకెళ్లింది. అంతవరకూ ఎవరూ ఆ పని చేయలేదు. ప్రతిచోటా ఆయన పక్కనే కూర్చుని ఆయన గురించి చెప్పమనేవాళ్లు. కట్టుకున్న మనిషి పక్కనుండగా ‘ఈయనకు నా మీద జాలి పోయిందండీ’ అని ఎలా చెప్తాం? ఆయన్ని అడిగితే ‘నాకేమైంది, శుభ్రంగా ఉన్నాను’ అనేవారు. దాచడానికి కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. తనలో వచ్చిన మార్పు తనకు కనబడకపోవడం ఈ జబ్బులో భాగమే. అలాంటప్పుడు రోగి మాటనే ప్రమాణంగా తీసుకుంటే అక్కడికి కథ కంచికే.

ఆమె దగ్గర అచ్చువేసిన ప్రశ్నావళి ఉంది. ఇలాంటివి చాలా ఉన్నాయట: 1994లో వచ్చిన న్యూరోసైకియాట్రిక్ ఇన్వెంటరీ, 1997లో వచ్చిన ఫ్రంటల్ బిహేవియరల్ ఇన్వెంటరీ వగైరా. ఇంట్లోవాళ్లను అడిగి నింపేవి. ‘ముక్కూమొహం తెలియనివాళ్లతో చనువుగా మాట్లాడతారా?’ అని అడిగి నేను అవుననగానే రాసుకోలేదు. ‘ముందునుంచీ అంతేనా? ఎప్పట్నుంచి? ఎంత తరచుగా? దానివల్ల మీకెంత ఇబ్బంది?’ అని ప్రతిదానికీ వెనక్కి తీసుకెళ్లింది. నేను ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి నాకు వెంటనే వంటబట్టింది. ఓపెనింగ్ బ్యాలెన్స్ తెలియకుండా క్లోజింగ్ బ్యాలెన్స్ ఒక్కటే చూపించి లాభమా నష్టమా చెప్పమంటే ఎవరు మాత్రం చెప్పగలరు? పుట్టుకతో మోటుగా మాట్లాడేవాళ్లు ఉంటారు. ముభావంగా ఉండేవాళ్లూ ఉంటారు. వాళ్లకది జబ్బు కాదు. పదిమందిని కలుపుకుపోయిన మనిషి మోటుగా తయారయ్యాడా, అదీ చూడాల్సింది. ఆ ముందటి మనిషి ఎలా ఉండేవాడో స్కాన్‌లో కనబడదు, మేం చెప్పాలి.

నా ఒక్కదాని మాట మీదే ఆగలేదు కూడా. మా మరిదితో ఫోన్లో మాట్లాడింది, నా అనుమతితో మా ఆయన పాత సహోద్యోగి ఒకరితో మాట్లాడింది. ‘మీరు అలిసిపోయి ఉన్నారు మేడం, అలిసినవాళ్లకు అన్నీ కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. ఏడాదికోసారి చూసేవాళ్లకు తక్కువగా కనిపిస్తాయి’ అంది. నాకు చివుక్కుమంది గానీ, ఆ మాటలో న్యాయం ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య పాత కక్షలుంటే ప్రశ్నావళిలో అవీ దూరిపోతాయి కదా.

ఆ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి పెట్టిన పరీక్షలు నేను అద్దం అవతల నుంచి చూశాను. మొహాల ఫొటోలు చూపించి ఈ మనిషి సంతోషంగా ఉన్నాడా, భయపడుతున్నాడా, అసహ్యించుకుంటున్నాడా చెప్పమంది. సంతోషం చప్పున చెప్పారు. భయం, అసహ్యం, బాధ వచ్చేసరికి అన్నిటికీ ‘మామూలుగానే ఉన్నాడు’ అన్నారు. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు బాత్రూం తలుపు దగ్గరి ఆయన మొహం అర్థమైంది. తర్వాత చిన్న వీడియో. ఒకతను బాగా ఆలస్యంగా వస్తాడు, రెండోవాడు ‘అబ్బో, ఎంత తొందరగా వచ్చావు!’ అంటాడు. ‘అతను మెచ్చుకుంటున్నాడు’ అన్నారు ఈయన. జీవితమంతా వెటకారం మీదే బతికిన మనిషి! ఇలా మాట వెనకున్న మాట పట్టుకోగలరా లేదా చూసే వీడియో పరీక్షలు కూడా ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నాయట.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది మరొకటి. క్యూలో ముందున్నవాళ్లను దాటుకుని వెళ్లొచ్చా, కొత్తవాళ్లను లావయ్యావని అనొచ్చా లాంటి ప్రశ్నలకు ఔను, కాదు చెప్పాలి. దాదాపు అన్నీ కరెక్టుగా చెప్పారు. అరగంట తర్వాత బయట బిల్లు కౌంటర్ దగ్గర అందర్నీ నెట్టుకుని ముందుకెళ్లి నిలబడ్డారు. నియమం తెలుసు, సమయానికి అది పనిచేయదు. 1985లో అమెరికాలో ఎస్లింగర్, డమాసియో ఇలాంటి ఒక రోగి గురించే రాశారు. కణితి తీసినప్పుడు నుదుటి వెనకున్న మెదడు భాగం దెబ్బతింది. తెలివితేటల పరీక్షల్లో మంచి మార్కులొచ్చేవి, నిజజీవితంలో మాత్రం ఉద్యోగం, డబ్బు, సంసారం అన్నీ చేజారిపోయాయి. అందుకే గదిలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు ఎంత మంచివైనా, గది బయట ఏం చేస్తున్నారో చూసినవాళ్ల మాట కలపకపోతే లెక్క తేలదు. ఆ అమ్మాయి పరీక్ష జరిగినంతసేపూ ఆయన్ని కూడా గమనిస్తూ రాసుకుంది: అడక్కుండా తన పెన్ను తీసుకున్నారు, కుర్చీ మరీ దగ్గరికి జరుపుకున్నారు, అంతసేపట్లో ఆమె గురించి ఒక్క మాటైనా అడగలేదు.

చివరికి న్యూరాలజిస్టు మాకు అర్థమయ్యేలా చెప్పారు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఈ జబ్బుకు ఆరు గుర్తులు పెట్టారు. నలుగురిలో హద్దు మీరడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, సానుభూతి తగ్గడం, చేసిందే చేస్తూ ఉండటం, తిండి తీరు మారడం (మా ఆయన తీపి మీద పడ్డారు, పొట్ట నిండినా ఆపరు), జ్ఞాపకం బాగానే ఉన్నా పనిని ప్లాన్ చేసుకోలేకపోవడం. వీటిలో మూడైనా ఉండాలి. ఎప్పుడో ఒకసారి కోపంలో చేసింది లెక్కలోకి రాదు, పదేపదే జరగాలి, పోనుపోను ముదరాలి. దానికి స్కాన్‌లో మెదడు ముందుభాగంలోనో, కణతల లోపలి భాగం ముందువైపునో కుంచించుకుపోయినట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మొదటి రోజుల్లో స్కాన్ మామూలుగానే ఉండొచ్చట. మా మొదటి స్కాన్‌లో ఏమీ కనబడలేదు, ‘చూశారా ఏమీ లేదు’ అని పంపేశారు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి, లేకపోతే నా ఉత్తరం చదివి ప్రతి ఇల్లాలూ మొగుడికి డిమెన్షియా అంటగడుతుంది. మనిషి మారిపోవడానికి వేరే కారణాలు బోలెడు. థైరాయిడ్, బి12 లోపం, తాగుడు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరడం, కణితి, ముదిరిన సిఫిలిస్, బైపోలార్. వీటిలో కొన్ని మందులతో నయమవుతాయి కాబట్టి ముందు వాటిని తేల్చుకోవాలి. డిప్రెషన్‌కీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టమేనని డాక్టరుగారే ఒప్పుకున్నారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు చాలావరకు ‘నేనిలా అయిపోయానేంటి’ అని కుమిలిపోతారు. మా ఆయన రోజంతా సోఫాలో కూర్చున్నా ఆ దిగులు ఇసుమంతైనా లేదు. చిన్న వయసులో అల్జీమర్స్ వచ్చినవాళ్లు కూడా చాలామంది మర్యాద తప్పరట. పేరు గుర్తురాకపోయినా నవ్వుతూ నెట్టుకొస్తారట. ఆ కుటుంబాల బాధ వేరు, వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

ఇక ఉద్యోగం సంగతి. ఆఫీసులో ఒక మహిళా ఉద్యోగి ఆయన మీద ఫిర్యాదు చేసింది. ఆమె శరీరం గురించి అనకూడని మాట అన్నారు, అందరి ముందూ. ఆమె ఫిర్యాదు చేయడం నూటికి నూరుపాళ్లు సరైన పని, ఆమె స్థానంలో నేనున్నా అదే చేస్తాను. విచారణ జరిగింది. ‘అన్నాను, అందులో తప్పేముంది?’ అని ఈయన ఒప్పుకున్నారు. ఉద్యోగం తీసేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఒక్క మచ్చలేని మనిషి, పైగా అలాంటి ఫిర్యాదుల్ని తనే విచారించిన మనిషి, ఏడాది తిరక్కుండా ఇలా ఎందుకయ్యారని ఆ కమిటీలో ఒక్కరికీ అనుమానం రాలేదు. శిక్ష వద్దని నేననడం లేదు. ఆయన్ని ఆ మహిళకు దూరంగా పెట్టి, ఒక మెడికల్ ఎగ్జామినేషన్‌కు పంపి, ఆ తర్వాత నిర్ణయం తీసుకుని ఉండొచ్చు. అనారోగ్యంతో ఉద్యోగం మానిన మనిషికీ, దుష్ప్రవర్తనకు తీసేసిన మనిషికీ రావాల్సిన డబ్బులో, పిల్లలు తలెత్తుకోవడంలో ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పేరు తెలిస్తే ఒరిగేదేముంది, మందే లేదు కదా అంటారు కొందరు. నిజమే, దీన్ని ఆపే మందు ఇంకా లేదు. కానీ అల్జీమర్స్‌కు వాడే డొనెపెజిల్ లాంటివి ఇందులో పనిచేయవు, కొందరికి చిరాకు పెంచుతాయి కూడా. పేరు తెలియకపోతే అవే మింగిస్తూ కూర్చునేవాళ్లం. పేరు తెలిశాకే బ్యాంకు ఖాతాకు నా సంతకం కలిపించాం, ఫోన్లోంచి లోన్ యాప్‌లు తీసేశాం, అప్పటికే ఎవరికో కట్టేసిన డబ్బు ఎటూ తిరిగి రాలేదనుకోండి. వాదించడం మానేశాను. మా అబ్బాయి నాన్నతో మళ్లీ క్యారమ్స్ ఆడుతున్నాడు. మాట్లాడాల్సిన పని లేని ఆట కాబట్టి ఇద్దరికీ హాయి. ఇది కొన్ని కుటుంబాల్లో జన్యువుల ద్వారా వస్తుందని విని అమ్మాయి ఒక రాత్రంతా నిద్రపోలేదు. కౌన్సెలర్‌ని కలిశాం, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది తన ఇష్టానికే వదిలేశాం.

మీ ద్వారా డాక్టర్లకు నా విన్నపం ఇది. 65 లోపు మనిషిని ‘మారిపోయాడు’ అంటూ ఇంట్లోవాళ్లు తీసుకొస్తే, ఆ తెచ్చినవాళ్లతో ఒక పావుగంట విడిగా మాట్లాడండి. తీరిక లేకపోతే వెయిటింగ్ హాల్లో ప్రశ్నావళి చేతికివ్వండి, కూర్చునే ఉంటాం కదా, నింపి ఇస్తాం. ఒక్కరితో కాక ఇద్దరితో నింపించండి. మొదటిసారి ఏమీ తేలకపోతే ‘ఏమీ లేదు’ అని రాసే బదులు ఆరునెలల తర్వాత రమ్మని రాయండి. మొదటిసారి దొరకనిది రెండోసారి బయటపడొచ్చు.

నాలాంటివాళ్లకు ఒక మాట. జరిగింది జరిగినట్టు తేదీ వేసి రాసిపెట్టుకోండి. ‘ఈమధ్య బొత్తిగా పట్టించుకోవడం లేదు’ అని రాస్తే డాక్టరుకి ఉపయోగం లేదు. ఏం జరిగింది, ఆయన ఏమన్నారు, అయిదేళ్ల కిందటైతే అదే సందర్భంలో ఏం చేసి ఉండేవారు, ఈ మూడూ రాయాలి. మా న్యూరాలజిస్టు స్కాన్ కంటే ముందు నా నోటుబుక్కే అడిగి తీసుకున్నారు.

చివరగా మీకు. ఆ బాక్సు మళ్లీ వేసేటప్పుడు ఆ తొమ్మిదికీ తోడుగా ఇవి కూడా వేయండి: ఎదుటివాళ్లు ఏడుస్తుంటే, దెబ్బ తగిలితే ఇదివరకులా స్పందిస్తున్నారా? కొత్తవాళ్లతో, ఆడవాళ్లతో, పిల్లలతో ముందెన్నడూ లేనట్టు హద్దు మీరుతున్నారా? వెటకారం, హాస్యం అర్థమవుతున్నాయా? డబ్బు విషయంలో కొత్తగా దుడుకుతనం వచ్చిందా? ఇదంతా జరుగుతున్నా ‘నాకేమీ లేదు’ అంటున్నారా? వీటిలో రెండు మూడు కొత్తగా వచ్చి, నెలల తరబడి ఉంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లమని కింద ఒక వాక్యం రాయండి. జాగా చాలకపోతే ‘తాళాలు మర్చిపోవడం’ తీసేయండి, అది అందరం చేసేదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(పిల్లల కోసం నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)